ఖాళీ బండి బరువు

నా కారు ఏ కంపెనీదో చెప్పను. చెబితే ముందు ధర అడుగుతారు, తర్వాత ఆడపిల్లవి నీకెందుకమ్మా అంత బండి అంటారు. తెల్ల సెడాన్ అని చెబితే చాలు. పాతదే కొన్నాను. బందరులో పెళ్లిళ్లకి అద్దెకి తిప్పుతాను. డ్రైవర్ని నేనే, మెకానిక్‌ని కూడా చాలావరకు నేనే. వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఆయిల్ మార్చడం, బ్రేకు ప్యాడ్లు వెయ్యడం, ఏ సెన్సర్ అబద్ధం చెబుతోందో పట్టుకోవడం. నిద్ర పట్టని మనిషిని, ఏదో ఒకటి విప్పుతూ ఉండాలి నాకు. ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్ కొన్నాక ఎక్కడ నొప్పో బండే చెప్పేది.

ఒక్క నొప్పి మాత్రం చెప్పలేకపోయింది.

ఈ బండికి ఇనప స్ప్రింగులు ఉండవు. నాలుగు చక్రాల దగ్గర నాలుగు గాలి బ్యాగులు ఉంటాయి. మనిషి ఎక్కితే ఆ మూల కాస్త కుంగుతుంది. ఇంజిన్ నడుస్తుంటే పంపు గుర్రుమని గాలి నింపి మళ్లీ పైకి లేపుతుంది. ఇంజిన్ ఆపి ఉంటే కుంగింది కుంగినట్టే ఉండిపోతుంది. ఫోన్‌లో నాలుగు మూలలకీ నాలుగు అంకెలు కనిపిస్తాయి. సున్నా అంటే సమంగా ఉన్నట్టు, మైనస్ అంటే కుంగినట్టు, ప్లస్ అంటే లేచినట్టు.

నా బండిలో వెనక ఎడమ మూల మాత్రం, పంపు నడిచినా లేవకుండా, ఎప్పుడూ కుంగి ఉండేది.

అమ్మినాయన ముదినేపల్లి చేపల చెరువుల వ్యాపారి, ఆనందరావు గారు. "ఎడమ పక్క కొంచెం కుంగుద్దమ్మా. అలవాటైపోద్ది" అన్నాడు. చెరువులో గానీ పడిందా అండీ అని అడిగాను. "ఛ, గట్టు మీదకి కూడా పోనివ్వలేదు" అన్నాడు. తాళాలు చేతికి ఇవ్వకుండా బానెట్ మీద పెట్టి వెనక్కి జరిగాడు. అప్పుడు పట్టించుకోలేదు నేను. బండి మీదే ఉంది ధ్యాసంతా.

డిసెంబరులో మా యశస్విని పెళ్లి కుదిరింది. చిన్నప్పుడు ఒకే బెంచీలో కూర్చున్నాం ఇద్దరం. అవనిగడ్డలో చర్చి, పొద్దున పది గంటలకి పెళ్లి. "ఒసే, పెళ్లికి నీ బండిలోనే వస్తాను. కుంటుకుంటూ వచ్చిందనుకో, దిగి నడిచి వెళ్తాను, నీ పరువే పోద్ది" అంది. ఆ మాట నాకు గుచ్చుకుంది. ఎలాగైనా ఆ మూల లేపాలి.

పెళ్లి ముందు రోజు గుడివాడలో గణపతి బాబాయ్ మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్లాను. బండిని పైకెత్తే లిఫ్ట్ ఆయన దగ్గరే ఉంది. యశస్విని కూడా నాతో వచ్చింది, జాకెట్లు కుట్టే ఆవిడ అక్కడే ఉందని.

కొత్త బ్యాగు వేశాం. మళ్లీ కుంగింది. సబ్బు నురగ పూసి చూశాం. ఒక్క బుడగ రాలేదు.

"యూట్యూబ్ ఇంజినీరు గారు ఏమంటారు మరి" అన్నాడు గణపతి బాబాయ్.

"లీకైతే ఆగకుండా కుంగుతూనే ఉండాలి కదా బాబాయ్. ఇది ఒక చోటికి కుంగి ఆగిపోతుంది."

"అంటే?"

మనిషి కూర్చున్నట్టు... అనబోయి మానేశాను.

ఆయనే వెనక ఎడమ సీట్లో కూర్చుని చూశాడు, ఇంకా ఎంత కుంగుద్దో అని. పట్టుమని నిమిషం కూడా లేడు. చెయ్యి రుద్దుకుంటూ దిగాడు. "ఏసీ ఆపమ్మా, చచ్చే చలి" అన్నాడు.

ఏసీ వెయ్యలేదు నేను. ఇంజినే ఆన్ చెయ్యలేదు.

అయినా నాకు పట్టింపు బండి గురించే. సెన్సర్ తప్పు చూపిస్తోంది అనుకున్నాను. దానికి ఒక మందు ఉంది. బండికి ఎత్తు మళ్లీ నేర్పించడం. ఇప్పుడు ఎలా ఉన్నావో అదే సమం, అదే సున్నా అని చెప్పేయడం. ముందు స్కానర్‌తోనే గాలి ఎక్కువ పట్టించి మూల లేపి, తర్వాత అంకెలు సరిచేస్తే కంటికి బండి నిటారుగా నిలబడుతుంది. మొదలుపెట్టే ముందు స్కానర్ ఒక ప్రశ్న వేస్తుంది. బండిలో మనుషులు లేరు, సామాను లేదు, నిర్ధారించండి అని.

నొక్కాను.

నాలుగు మూలలూ సున్నా. బండి గుర్రంలా నిలబడింది. గణపతి బాబాయ్ కూడా చప్పట్లు కొట్టాడు. నేను చేసిందేమిటో నాకు అప్పుడు తెలియలేదు. అక్కడ కూర్చున్న బరువుని లెక్కలోంచి తీసేశాను. అది ఉంటేనే ఖాళీ అని నా బండికి నేర్పించాను.

పామర్రు దాటేసరికి చీకటి పడింది. కోతలైపోయిన చేలల్లో గడ్డి తగలబెట్టారు. ఆ పొగ, మంచు కలిసి రోడ్డు మీదకి దిగాయి. లైట్ల ముందు తెల్లగా తెర కట్టినట్టు ఉంది. యశస్విని వెనక కుడి వైపు, నా సీటు వెనక కూర్చుంది. ఎడమ సీట్లో జాకెట్ల సంచులు పెట్టబోతే నేనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో నాకే తెలియదు. ఒళ్లో పెట్టుకుంది.

కూచిపూడి దాటాక అడిగింది. "కొబ్బరినూనె ఎవరే పెట్టుకుంది?"

నాకూ వస్తోంది ఆ వాసన. నూనె ఒక్కటే కాదు, తలారా స్నానం చేసి ఆరబెట్టుకోని జుట్టు వాసన. అద్దాలన్నీ మూసే ఉన్నాయి.

"నీ జాకెట్ల వాసనేమో" అన్నాను.

"జాకెట్లకి నూనె రాస్తారా డ్రైవరమ్మా" అని నవ్వింది. కాసేపటికి నవ్వు ఆపింది. "కృపా, కడుపులో తిప్పుతోందే. ఒక్క నిమిషం ఆపవా."

పంటకాలువ పక్కన ఆపాను. ఇంజిన్ ఆపేశాను. కప్పలు అరుస్తున్నాయి కాలువలో. తలుపు తీసి గాలి పీల్చుకుంది. తర్వాత కిటికీ పక్కన కూర్చుంటానని, నేను వద్దనే లోపు ఎడమ సీట్లోకి జరిగిపోయింది.

ఫోన్ నా ఎదురుగా స్టాండులో ఉంది. అంకెలు కనిపిస్తున్నాయి.

యశస్విని కూర్చుంది కాబట్టి వెనక ఎడమ కుంగాలి. ఒక క్షణం మైనస్ ఎనిమిదికి కుంగింది. ఆ వెంటనే తేలికైంది. ఎవరో లేచి ఆమెకి చోటిచ్చినట్టు.

ముందు ఎడమ... కుంగింది.

నా పక్క సీటు.

తల తిప్పలేదు నేను. తిప్పలేకపోయాను. సీటు తోలు చిన్నగా కిర్రుమంది. కప్పలు ఆగిపోయాయి. జుట్టు వాసన నా ఎడమ చెంప దగ్గరికి వచ్చింది.

"ఏంటే ఆగావు" అంది యశస్విని వెనక నుంచి.

"ఏం లేదు."

"చలేస్తోంది కదా?"

"ఊఁ."

తాళం తిప్పాను. పంపు గుర్రుమని పని మొదలుపెట్టింది, అయినా ముందు ఎడమ మూల లేవలేదు. చల్లపల్లి, మోపిదేవి ఎలా దాటానో చెప్పలేను. రోడ్డు వైపే చూశాను. గేరు మీద చెయ్యి వెయ్యాల్సి వచ్చినప్పుడల్లా నా మోచెయ్యి దగ్గరికి లాక్కున్నాను, పక్కన ఎవరికో తగులుతుందేమోనని.

అవనిగడ్డ అవతల, కరకట్ట పక్కన వాళ్ల ఇల్లు. సీరియల్ లైట్లు, షామియానా, వంటల దగ్గర మనుషులు. వెలుతురు చూడగానే ప్రాణం లేచొచ్చింది. ఇంజిన్ ఆపాను. వాళ్లమ్మ మార్తమ్మ గారు గేటు దాకా వచ్చారు.

"రా కృపమ్మా, భోంచేసి వెళ్లు."

"పొద్దున్నే పూలు కట్టించాలి అత్తా. వెళ్తాను."

యశస్విని సంచులతో దిగింది. "పొద్దున ఆలస్యం చేశావో, నీ పెళ్లికి ఎద్దుల బండి పంపిస్తా" అని లోపలికి నడిచింది. గడప దగ్గర ఆగి తలుపు పట్టుకుంది. మన వెనక వచ్చేవాళ్ల కోసం పట్టుకుంటాం చూడండి, అలా. కాసేపు పట్టుకుని, వదిలేసింది. ఆమె వెనక ఎవరూ లేరు.

నేను ఫోన్ చూశాను.

ముందు ఎడమ సున్నా. వెనక ఎడమ ప్లస్ తొమ్మిది.

బండి ఖాళీ అయింది. నేను కొన్నప్పటి నుంచి మొదటిసారి. ఆ మూల ఎంత లేచిందంటే కూర్చున్న చోటికే తెలిసింది. నిజం రాస్తున్నాను. ముందు నాకు సంతోషం వేసింది. పీడ పోయింది, బండి బాగుపడింది అనుకున్నాను. తాళం మీద చెయ్యి కూడా వేశాను. ఇంటికి వెళ్లిపోతే చాలు. ఎవరికీ ఏమీ తెలియదు.

తలుపు పట్టుకుని నిలబడిన యశస్విని కళ్లలోంచి పోలేదు.

అది దిగింది ఆ ఇంట్లోకి. దాన్ని తెచ్చి దింపింది నేను. తెల్లారితే పెళ్లి.

దిగి వెనక ఎడమ తలుపు తీశాను. చుట్టూ చూశాను. వంటవాళ్లు అటు తిరిగి ఉన్నారు. ఏమని పిలవాలో తెలియలేదు.

"వచ్చేయండి" అన్నాను గొణిగినట్టు. "ఎవరైనా సరే... ఆ పిల్లని వదిలేసి వచ్చేయండి. నేను తిప్పుతాను మిమ్మల్ని."

ఏమీ కాలేదు. షామియానా గుడ్డ కదిలింది. లోపల ఎవరో గిన్నె పడేశారు, నవ్వారు.

"వెళ్దాం రండి... ఒక్కత్తినే వెళ్లాలి నేను."

తడి జుట్టు వాసన. నా భుజం పక్క నుంచి. చల్లగా, మెల్లగా... దాటింది.

వంగి ఫోన్ చూశాను. ప్లస్ తొమ్మిది. ప్లస్ నాలుగు. సున్నా.

ఎక్కింది. వచ్చింది. ఏడుపొచ్చింది నాకు. దేవా, దేవా అనుకుంటూ తలుపు వెయ్యబోయాను.

మళ్లీ కుంగింది.

మైనస్ మూడు... మైనస్ ఎనిమిది. అక్కడ ఆగింది.

ఆ రెండో కుంగుడు ఎందుకో అర్థం కాలేదు. యశస్వినికి ఫోన్ చేశాను. రెండు రింగులకే ఎత్తింది.

"బాగానే ఉన్నావా?" అన్నాను.

"బాగానే ఉన్నాను" అంది.

మామూలు గొంతే. అదే గొంతు. నేను తలుపు వేసి, లోపలి అద్దం పైకప్పు వైపు తిప్పేసి, బందరు దాకా అలాగే నడిపాను. రాత్రంతా బండి ఇంటి ముందే ఉంది. తెల్లారి చూసినా మైనస్ ఎనిమిదే. బ్యాగు కొత్తది, ఇంకా సర్దుకోలేదు అనుకున్నాను. అలా అనుకోకపోతే పూలు కట్టించలేను.

తొమ్మిదింటికి గేటు ముందు ఆపాను. ఎండ బాగా కాస్తోంది. బంతిపూల మీద, బానెట్ మీద, అందరి మొహాల మీద ఎండ. భయపడడానికి ఏమీ లేదు ఆ వెలుతురులో. అయినా కావాలనే ఇంజిన్ ఆపాను. ఫోన్ స్టాండులో పెట్టుకున్నాను.

మార్తమ్మ గారు వెనక కుడి వైపు ఎక్కారు. ఆవిడ కాస్త భారీ మనిషి. ఆ మూల బాగా కుంగింది. మైనస్ పన్నెండు.

తర్వాత యశస్విని వచ్చింది. తెల్ల పట్టుచీర, తల మీద ముసుగు, చేతిలో పూలు. ఎవరో చీర అంచు ఎత్తి పట్టుకున్నారు. వెనక ఎడమ సీట్లో కూర్చుంది. చీర గరగరమంది. తలుపు పడింది.

"ఆలస్యం చెయ్యలేదు చూడు" అన్నాను. ఏదో ఒక వెటకారం వస్తుందని ఎదురు చూశాను.

"మంచిది కృపా" అంది.

"పోనివ్వమ్మా, పాస్టరు గారు చూస్తుంటారు" అన్నారు మార్తమ్మ గారు.

నేను తాళం తిప్పలేదు. ఫోన్ వైపే చూస్తున్నాను. నిండు పెళ్లికూతురు, నగలు, అంత జరీ చీర... ఇప్పుడే నా కళ్ల ముందే ఎక్కి కూర్చుంది.

వెనక ఎడమ, మైనస్ ఎనిమిది.

ఆమె ఎక్కకముందు, రాత్రి నుంచీ ఎంత ఉందో అంతే.