లైటు ఎత్తిందెవరు?

“మంచు ఏదే? మన చంద్రుడి మంచు ఏది?”

లంచ్ నుంచి రాగానే వాగుడుకాయ అరిచిన అరుపుకి క్లాసంతా ఇటు తిరిగింది. వేసవిలో వాగైనా ఆగుతుంది గానీ ఈ పిల్ల వాగుడు ఆగదు. అందుకే ఆ పేరు.

బల్ల మీద ట్రేలో బూడిదతో చేసిన చంద్రుడు. మధ్యలో లోతైన గుంట. ఐసైతే గదిలో ఊరికే కరిగిపోతుందని, మంచు బదులు వెన్నముక్క పెట్టారు. చంద్రుడికి వెన్నెల మామూలే, వెన్న మాత్రం ఇదే మొదటిసారి!

ఆ వెన్న కాస్తా కరిగి బూడిదలో ఇంకిపోయింది. సూర్యుడి బదులు పెట్టిన టేబుల్ లైటు ట్రే పక్కన వంగి ఉండాల్సింది, గుంట నెత్తిమీద వెలుగుతోంది.

“లైటు చూసుకునేది నువ్వేగా! ఎందుకెత్తావే?” అంది తనతో కలిసి చంద్రుణ్ణి చేసిన పిల్లతో. లావు అద్దాలు పెట్టుకుంటుందని ఆ పిల్లని అందరూ కళ్ళజోడు అంటారు.

“నేనెత్తలేదు. బెల్లుకి ముందు మంచినీళ్ళకి వెళ్ళానంతే.”

“మరి చంద్రుడే ఎత్తుకున్నాడా?”

టీచర్ వచ్చింది. “తగువులొద్దు. మీ చంద్రుణ్ణి చూడ్డానికి రెండో తరగతి పిల్లలు వచ్చేస్తున్నారు. అమ్మాయ్, నువ్వింక లైటు ముట్టుకోకు. వెనక కూర్చో.”

నాలుగు రోజులు స్కేలుతో కొలిచి కొలిచి ఆ గుంట చేసింది కళ్ళజోడే. వెళ్ళి చివరి బెంచీలో కూర్చుంది.

వాగుడుకాయ లైటు వంచి, కొత్త వెన్న పెట్టి, పిల్లలు రాగానే మొదలెట్టింది.

“సూర్యుడి నుంచి వచ్చే హైడ్రోజన్ చంద్రుడి మట్టిని తాకుతుంది. మట్టిలో ఆక్సిజన్ ఉంటుంది. రెండూ కలిసి రవ్వంత రవ్వంత నీళ్ళవుతాయి. ఎండ తగిలితే ఎగిరిపోతాయి. కానీ ధ్రువాల దగ్గర సూర్యుడు నెత్తిమీదకి రాడు, పక్కనుంచే తిరుగుతాడు. లోతు గుంటల్లో ఎండే పడదు. అక్కడ కోట్ల ఏళ్ళయినా మంచు అలాగే ఉంటుంది.”

“ఏం కనబడట్లేదక్కా!” అన్నాడో బుడ్డోడు.

“ఉండరా, లైటు ఇలా ఎత్తితే...”

చేయి గాలిలోనే ఆగిపోయింది. లంచ్ బెల్లుకి ముందు, అందరూ చేతులు కడుక్కోడానికి వెళ్ళినప్పుడు, హెడ్మాస్టరుగారూ వచ్చి ఏం కనబడట్లేదనే అన్నారు. అప్పుడూ ఈ చెయ్యే లైటు ఎత్తింది. దించడం మర్చిపోయి అన్నానికి పరిగెత్తింది.

ఆ సంగతి క్లాసులో ఎవరికీ తెలియదు. చివరి బెంచీలో కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటోంది.

వాగుడుకాయకి మొదటిసారి మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

“టీచర్... ఇందాక లైటు ఎత్తింది నేనే. హెడ్మాస్టరుగారికి మంచు చూపిద్దామని ఎత్తి, దించడం మర్చిపోయాను. తను అసలు ఇక్కడ లేదు. ఉత్తపుణ్యానికి అందరి ముందూ తనని తిట్టాను.” వెనక్కి తిరిగింది. “రావే. లైటు నువ్వే చూసుకో.”

అని తల దించుకుంది.

కళ్ళజోడు వచ్చి లైటు మెడ ఇంకాస్త కిందికి వంచింది. గుంట పూర్తిగా చీకటైంది.

“తల దించాల్సింది లైటు,” అంది. “నువ్వెత్తు. పిల్లలు చూస్తున్నారు.”