రెండో కృత్తిక

సుదర్శనం పారతో పొడిచింది మల్లెపాదని అతనికి తెలియదు. ఏటిగట్టంతా ఎండి బీటలు వారి ఉంది. ఆ ఒక్కచోటే నేల తడిగా, మెత్తగా కనబడింది. రెండు పోట్లు పొడవగానే వానపాములు పైకి వచ్చాయి. వాటిని ఏరి కొబ్బరిచిప్పలో వేసుకుంటూ ఉండగా వెనకనుంచి ఒక గొంతు పలికింది.

“ఏం సార్, నిధి ఏమన్నా దొరికిందా?”

చంకలో బిందెతో ఒక పిల్ల నిలబడి ఉంది. ఆమె చూపు అతని మీద లేదు. వేళ్ళు పైకి తేలి పక్కకు ఒరిగిన మల్లెచెట్టు మీద ఉంది.

గాలానికి ఎరకోసం తవ్వానని, చెట్టును చూసుకోలేదని అతను నసిగాడు.

“ఇంత ఏరు వుండాది, ఇంత గట్టు వుండాది. మా చెట్టు కిందనే దొరికినాయా మీకు?”

“తడి ఇక్కడే ఉంటే...”

“వుండదా మరి? పొద్దున నేను నీళ్ళు పోసినా గదా.”

బిందె అతని ముందర పెట్టింది. అతను చెట్టు నిలబెట్టి, మన్ను కప్పి, ఏటికి వెళ్ళి నీళ్ళు మోసుకొచ్చి పోశాడు. ఒక బిందె చాలదంది. మళ్ళీ వెళ్ళాడు. ఆనకట్ట మీద గాలాలు పట్టుకుని ఎరకోసం కాచుకున్న స్నేహితులిద్దరూ ఇదంతా చూసి పొట్ట పట్టుకుని నవ్వారు. లేచి వచ్చి ఒక చెయ్యి వేసినవాడు లేడు. స్నేహితులు అంతే.

సుదర్శనం తిరువళ్ళూరులో నూనెమిల్లు గుమాస్తా. సొంత ఊరు పళ్ళిపట్టు పక్కన. సెలవురోజు గదిలో పడుకుని దూలాలు చూడడం తప్ప వేరే పని లేనివాడు. సైకిల్ షాపు దండపాణి, పోస్టుమేన్ షణ్ముగం ఆదివారం వస్తే తామరైపాక్కం ఆనకట్టకు గాలాలు కట్టుకుని వెళ్ళేవాళ్ళు. ఈసారి అతన్నీ లాక్కొచ్చారు. వాళ్ళకొక కట్టుబాటు ఉంది. కొత్తగా వచ్చినవాడు తన గాలానికి మొదటి చేప పడేదాకా అందరికీ వానపాములు తవ్వి తేవాలి. చేప పడ్డ రోజు అతని చేతిలో పార తీసేసుకుంటారు.

ఆ పిల్ల పేరు కాంచన. గట్టు మీది పొలం ఆమె తండ్రి మునెయ్యది. దండపాణికి మునెయ్య వరసకు చిన్నాయన. ఆ చుట్టరికం పట్టుకునే వాళ్ళు అక్కడ కూర్చునేవాళ్ళు.

మరుసటి ఆదివారం సుదర్శనం పార పట్టుకుని ముందుగా ఆమెను వెతుక్కుంటూ వెళ్ళాడు. ఎక్కడ తవ్వమంటారని అడిగాడు. ఆమె పశువుల కొట్టం వెనక పేడదిబ్బ చూపించింది. అతను తవ్వుతూ ఉంటే గడ్డి కోసుకునే నెపంతో అక్కడే తిరిగింది. మిల్లులో ఏం పని చేస్తాడో అడిగింది. లెక్కలు రాస్తానంటే, మల్లెచెట్టుకూ పేడదిబ్బకూ తేడా తెలియనివాడి చేత లెక్కలు రాయించుకునే మిల్లు ఎన్నాళ్ళు నడుస్తుందో చూడాలంది. అలా నాలుగు మాటలు, మరుసటి వారం నలభై మాటలు. ఎండాకాలం వెళ్ళిపోయింది. అందరికీ చేపలు పడ్డాయి. సుదర్శనానికి ఒక్కటీ పడలేదు.

ఒక ఆదివారం సన్నగా చినుకులు మొదలయ్యాయి. స్నేహితులు తుమ్మచెట్టు కిందికి పరిగెత్తారు. సుదర్శనం తడుస్తూ అక్కడే కూర్చున్నాడు. తప్పిపోయిన దూడకోసం వచ్చిన కాంచన కొంగు తలమీద కప్పుకుని వెనక నిలబడింది. నీళ్ళ మీద గాలపు బెండు మునిగింది. తేలింది. మళ్ళీ మునిగింది.

“బెండు మునిగింది గదా, లాగలేదేమి?”

“చూసుకోలేదు.”

“కండ్లు దాని మీదనే వుండాయి.”

బెండు తేలి నిలకడగా ఆగింది. ఎర తినేసి చేప వెళ్ళిపోయింది.

“చేప పడితే పార తీసేసుకుంటారు,” అన్నాడు. “మీ దిబ్బకాడికి వచ్చే పని నాకు వుండదు.”

కాంచన మొహం తిప్పుకుంది. దూడ కనబడుతున్నా పిలవలేదు. గట్టు ఎక్కి కొంతదూరం వెళ్ళి, వెనక్కి చూడకుండానే అంది.

“అయితే లాగబాకండి.”

దండపాణికి సంగతి అర్థమైంది. చేపలు పట్టేవాడికి ఆ మాత్రం చూపు ఉంటుంది. తనే వెళ్ళి చిన్నాయన దగ్గర మాట కదిపాడు. పిల్లవాడు మనవాడే, తెలుగువాడే, ఉద్యోగం ఉంది అని చెప్పుకొచ్చాడు.

మునెయ్య మెత్తటి మనిషి కాదు. నవ్వితే ఏదో పోగొట్టుకుంటానన్నట్టు ఉండేవాడు. ఆ ఏడు అతనికి అసలే గుండె చెదిరి ఉంది. అతని భార్య సుబ్బమ్మ చలికాలంలో జ్వరం పడి లేచింది గాని, కాళ్ళు నిలవలేదు. మంచానికే అతుక్కుపోయింది. ఎన్నడూ కొండ వైపు చెయ్యెత్తి మొక్కనివాడు తిరుత్తణి మురుగనికి ఆడి కృత్తికనాడు కావడి మోస్తానని మొక్కుకున్నాడు. అది భక్తి కాదు, భయం. భయంతో పట్టిన నియమం భక్తికంటే గట్టిగా ఉంటుంది. మెడలో మాల వేసుకున్నాడు. కావడి కొండ చేరేదాకా ఇంట్లోకి నీసు రాకూడదు, తన గట్టు మీద చేప చావకూడదు అన్నాడు.

దండపాణి మాట అంతా విని ఒకటే జవాబు చెప్పాడు.

“కావడి దించినాక రమ్మను. అంతదాకా ఆడబిడ్డ మాట నాకాడ ఎత్తబాక.”

కాదనలేదు. అదే పెద్ద వరం.

ఆ తరువాత స్నేహితులు పొన్నేరి బస్సెక్కి పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న పళవేర్కాడుకు వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ ఉప్పునీటి ఒడ్డున మోకాలి లోతు బురదలో నిలబడి గాలాలు వేసేవాళ్ళు. సుదర్శనానికి అక్కడా చేప పడలేదు. ఈసారి నిజంగానే పడలేదు.

“సముద్రం పక్కన నిలబడుకోని ఏటిని చూస్తా వుండావు,” అన్నాడు షణ్ముగం. “చేపలకు కోపం రాదా?”

తప్పు జరిగింది ఇక్కడే. సుదర్శనం ఇంట్లో అందరూ నామాలు పెట్టేవాళ్ళు. వాళ్ళకు తిరుపతి కొండ తప్ప ఇంకో కొండ లేదు. నెలలు చంద్రుణ్ణి బట్టి లెక్క, ఆడి అంటే వాళ్ళకు ఆషాఢమే. అమావాస్య వెళ్తే ఆషాఢం వెళ్ళినట్టే. అమావాస్యకు ముందు వచ్చిన కృత్తికనాడు తిరువళ్ళూరు స్టేషన్‌లో కావళ్ళవాళ్ళు గుంపులుగా తిరుత్తణి రైలెక్కడం అతను కళ్ళారా చూశాడు. అమావాస్య కూడా దాటింది. మొక్కు తీరిపోయిందనుకున్నాడు. దండపాణిని అడిగి ఉంటే చెప్పేవాడు. ఆత్రం ఉన్నవాడు అడగడు.

ఆ ఆదివారం ఒక్కడే తామరైపాక్కం వెళ్ళాడు. మునెయ్య గట్టుకు దూరంగా, ఆనకట్ట దిగువన కూర్చున్నాడు. పిల్లనడగడానికి ఉత్తచేతులతో వెళ్ళడం బాగుండదు. జబ్బుపడి లేచినవాళ్ళకు కొరమీను చారు బలమని అందరూ అంటారు. బెండు మునిగింది. ఈసారి లాగాడు. మోచేతి పొడుగు కొరమీను. అతని మొదటి చేప. దాన్ని చావనివ్వకుండా కుండలో నీళ్ళు పోసి వేసుకుని, తల దువ్వుకుని, మునెయ్య ఇంటికి నడిచాడు.

వాకిట్లో పందిరి కింద కొత్తగా రంగువేసిన కావడి ఆనించి ఉంది. వంటింటి గడపలో కాంచన అతన్ని చూసింది. చేతిలో కుండను చూసింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపింది. సిగ్గుపడుతోందనుకున్నాడు. నవ్వుతూ లోపలికి వచ్చి కుండను పందిరి కింద దించాడు. కొరమీను ఎగిరింది. కుండ పక్కకు ఒరిగి ఆ నీళ్ళు కావడి మీద పడ్డాయి.

లోపలినుంచి మునెయ్య వచ్చాడు. మెడలో మాల అలాగే ఉంది.

“ఏందది?”

“కొరమీను. అమ్మకు చారు పెడితే బలమని...”

“కావడి ఇంట్లోనే వుండాది. కంటికి కనపడలేదా?”

“కృత్తిక అయిపోయింది గదా అనుకున్నా.”

“నీకు అయిపోయింది.”

మునెయ్య పూర్వులు విజయనగర రాజుల నాడు వచ్చి ఈ గట్టున కుదురుకున్నవాళ్ళు. ఇంట్లో మాట తెలుగే. నెలలు మాత్రం చుట్టూ ఉన్న ఊళ్ళతోపాటు సూర్యుణ్ణి బట్టి సాగే అరవ నెలలు. ఆ ఏడు ఆడి నెలలో కృత్తిక రెండుసార్లు వచ్చింది, నెల మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి. మునెయ్య మొక్కు రెండోదానికి. ఒకే భాష మాట్లాడే రెండిళ్ళకు ఒకే నెల లేకపోయింది.

మునెయ్య అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

“ఆమె లేచి నడవకపోతే అది నీ చేతి పని. పో.”

సుదర్శనం కదలలేకపోయాడు. తను పోగొట్టుకున్నది కాంచనను. అది తెలుసు. కాని ఆ ముసలివాడి కళ్ళలోకి చూస్తే, అంతకంటే పెద్దది ఏదో తన చేతుల్లో పగిలిందనిపించింది. కాంచన గడపను గట్టిగా పట్టుకుని నిలబడింది.

అప్పుడు లోపల మంచం మీదనుంచి సుబ్బమ్మ పలికింది.

“మొక్కింది ఎవురికోసం?”

మునెయ్య మంచం వైపు తిరిగాడు.

“నాకోసమే గదా. అయితే నా మాట కూడా రవంత వినండి.”

తన పుట్టింటి పక్క ఒక ఆచారం ఉందని ఆమె చెప్పింది. ఒకరి మొక్కును ఇంకొకరు తెలియక చెరిపితే, చెరిపినవాడు మాల వేసుకుని ఆ కావడి బరువు మోయాలి. మొక్కినవాడు ఉత్తచేతులతో వెనక నడవాలి. మొక్కు నిలుస్తుంది. ఇద్దరికీ అది శిక్షే.

“నామాలోళ్ళ బిడ్డ కావడెత్తుతాడా?” అన్నాడు మునెయ్య. “వాళ్ళ నాయన ఇంట్లోకి రానిస్తాడా?”

“ఆ మాట ఆ అబ్బిని అడగాల. ఏం నాయనా, మోస్తావా?”

సుదర్శనానికి తండ్రి గుర్తుకొచ్చాడు. నామం దిద్దుకోకుండా గుక్కెడు నీళ్ళు తాగని మనిషి. కొడుకు నుదుట విభూతి చూస్తే వాకిలి మూసేస్తాడు.

“మోస్తానమ్మా.”

కొరమీనును తీసుకెళ్ళి ఏట్లో వదిలాడు. స్నానం చేసి తడిబట్టలతో వచ్చి మాల వేయించుకున్నాడు. ఆ రోజునుంచి గాలం ముట్టలేదు. మిల్లు మూసిన తరువాత సైకిల్ తొక్కుకుంటూ వచ్చి పందిరి ముందర దణ్ణం పెట్టుకుని వెళ్ళేవాడు. మునెయ్య అతనితో మాట్లాడలేదు, కాంచనను మాట్లాడనివ్వలేదు. ఆమె విభూతి పళ్ళెం అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయేది. ఒక్కనాడు మాత్రం తల ఎత్తి అతని నుదురు చూసింది. విభూతి పెట్టడం రాక కనుబొమల దాకా పూసుకున్నాడు. ఆమెకు నవ్వు వచ్చింది. నవ్వు వెనకే కన్నీళ్ళు వచ్చాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

తిరుత్తణికి నడిచే వెళ్ళారు. ముందు సుదర్శనం కావడితో, వెనక మునెయ్య ఉత్తచేతులతో. తిరుత్తణి అప్పుడు ఆంధ్రలో ఉంది. ఆ ఊరు ఎవరిదని దారిపొడుగునా టీకొట్ల దగ్గర తగువులు. వీళ్ళిద్దరి మధ్య మాత్రం మాట లేదు. గుమాస్తా భుజానికి బరువు అలవాటు లేదు. మొదటి పూటకే చర్మం ఒరిసిపోయింది. భుజం మార్చుకున్నాడు. అదీ ఒరిసిపోయింది. మునెయ్య అన్నీ చూస్తున్నాడు. ఆగుదామని అనలేదు.

కొండ మొదట్లో వాన పట్టుకుంది. దండపాణి వెంట బస్సులో వచ్చిన కాంచన అక్కడ వాళ్ళను కలిసింది. మెట్లు జారుతున్నాయి. ముందు వెళ్ళేవాళ్ళంతా “అరోహరా” అని కేక వేశారు. సుదర్శనం కూడా గొంతెత్తాడు. పుట్టినప్పటినుంచి అలవాటైన కేక బయటికి వచ్చింది.

“గోవిందా.”

చుట్టూ మనుషులు తిరిగి చూశారు. అతను మెట్టు మీద రాయిలా ఆగిపోయాడు. ఇంకో అపచారం. కావడి మీద పూలు వణుకుతున్నాయి. వెనకనుంచి, ఇన్ని రోజుల తరువాత, మునెయ్య గొంతు వినిపించింది.

“గోవిందుడు ఆయనకు మేనమామే. నడు.”

నడిచాడు.

పైన కావడి దించి, పాలు ఒప్పజెప్పి, మంటపంలో ఒక వార కూర్చున్నారు. సుదర్శనం చొక్కా భుజానికి అతుక్కుపోయి ఉంది. కాంచన తండ్రిని అడగకుండానే వచ్చి, చెంబులో నీళ్ళతో దాన్ని తడిపి మెల్లగా విడదీసింది. మునెయ్య అది చూశాడు. మొహం తిప్పుకుని వాన చూస్తూ మాట్లాడాడు.

“నువ్వు చేసింది నేను మరిచేది లేదు. ఆ మీను, ఆ నీళ్ళు, ఏదీ మరవను. ఈ ప్రాణం ఉన్నంతకాలం చెప్తానే వుంటా. పండగనాడు చెప్తా, నలుగురు కూచున్నకాడ చెప్తా. వినే ఓపిక వుంటే మీ నాయన్ని రమ్మను.”

కాంచన చెయ్యి అతని భుజం మీద ఆగిపోయింది.

“అడుగుతా వుండారు గదా,” అంది మెల్లగా. “ఓపిక వుండాదా?”

“వుండాది.”

అతని తండ్రి వెంటనే రాలేదు. కొడుకు నుదుట విభూతి చూసి వాకిలి మూశాడు. కార్తికం దాకా తెరవలేదు. చివరికి సుదర్శనం తల్లి రంగనాయకమ్మ అన్నం మానేసి కూర్చుంటే బండి కట్టించాడు. పెళ్ళినాటికి సుబ్బమ్మ లేచి, కూతురి భుజం ఆసరాతో పందిట్లోకి వచ్చింది. కావడి వల్లనో, మందుల వల్లనో, ఎవరికి తోచింది వాళ్ళు అన్నారు.

మునెయ్య మాట తప్పే మనిషి కాదు. ప్రతి ఆడి నెలలోనూ, నలుగురు కూర్చున్నచోట, ఆ సంగతి మొదటినుంచి చివరిదాకా చెప్పాడు. సుదర్శనం ప్రతిసారీ తల వంచుకుని విన్నాడు. పక్కన కాంచన కూర్చుని ఉండేది.