బోర్లించిన కడాయి

తెల్లవారగానే కోళ్లు మళ్లీ అక్కడికే వచ్చాయి. ఇంటి వెనక కడాయి ఉండే చోట ఇప్పుడు గుండ్రటి మట్టి మచ్చ తప్ప ఏమీ లేదు. అయినా ఎర్రకోడి ఆ మచ్చ చుట్టూ తిరిగి, కాలితో గీకి, తన ఇల్లు ఎవరెత్తుకుపోయారన్నట్టు భూమవ్వ వైపు చూసింది.

"నన్ను జూస్తే ఏమొస్తది? పోయి దేవన్ననడుగు" అని చీపురుతో అదిలించింది భూమవ్వ.

దేవన్న ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఆ కడాయి వయసులో అతని కంటే పెద్దది. పెళ్లయిన కొత్తలో బెల్లం వండుతానని భర్త సాయన్న ముచ్చటపడి కొన్నాడు. మొదటి వంటే గడ్డకట్టలేదు. నిజామాబాద్ గంజ్‌లో వ్యాపారి ముద్ద మీద వేలు పెడితే వేలు లోపలికి దిగింది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సాయన్న బండి వెనక్కి తిప్పుకొచ్చి, కడాయిని ఇంటి వెనక బోర్లించాడు. అంతే. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. ఆనాటి నుంచి పండిన చెరుకంతా బోధన్ ఫ్యాక్టరీకే. ఏటా చలికాలం పక్క చెలకల్లో బెల్లం పొయ్యిలు వెలిగి ఆ వాసన ఇంట్లోకి వచ్చినప్పుడు మాత్రం, అన్నం ముందు కూర్చుని ఒక్క మాట అనేవాడు.

"ఇంకింత సున్నం వడితే గట్టివడు."

ఆ మాట ఇన్నేళ్లుగా వింటూనే ఉంది భూమవ్వ. ఆ మాట అన్న రాత్రి ఆయన సగం అన్నంలోనే చెయ్యి కడుక్కునేవాడు.

ఇప్పుడు అదే పిచ్చి కొడుక్కి పట్టింది. మంజీర అవతల మరాఠీ ఊళ్లో ఎవరి దగ్గరో రెండు సీజన్లు బెల్లం పని చేసి వచ్చి, ఫ్యాక్టరీకి పోగా మిగిలిన చెరుకు తనకిమ్మన్నాడు. తుప్పు పట్టిన కడాయిని ఇసుకతో తోమి తోమి తళతళలాడించాడు. పోయిన వారం మొదటి వంట వండాడు. అది గడ్డకట్టలేదు.

వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంది భూమవ్వ. అయినా తండ్రికైనట్టే అయింది. అదే కడాయి, అదే పొయ్యి. దేవన్న మాత్రం సాగుతున్న పాకాన్ని వేలితో నాకి, "జల్ది దించిన. నాదే తప్పు" అని, గిన్నెలు కడుక్కోవడానికి పోయాడు. ఆ తేలికతనం ఆమెను ఇంకా భయపెట్టింది. సాయన్న కూడా గంజ్‌కు బండి కట్టిన రోజు నవ్వుతూనే వెళ్లాడు మరి.

ఇవాళ రెండో వంట.

సాయన్న జొన్నరొట్టె తింటూ, కొడుకు వైపు చూడకుండానే తన మాట చెప్పేశాడు. "పగటీలికి మీ మామ వస్తుండు. ఫ్యాక్టరీల ఖాళీ ఉన్నదట. రేపు పొద్దుగాల గేటు కాడ నిలవడకపోతే ఇంకోని పాలైతది. ఇయ్యాలటిది మంచిగైతే నీ ఇష్టం. చెడితే మామ సైకిలెక్కు. మల్ల బెల్లం మాట ఈ ఇంట్ల ఇనవడొద్దు."

"సరే బాపు" అన్నాడు దేవన్న.

"సరే అంటే?"

"సరే అంటే సరే. మంచిగైతది."

మంచిగైతది అని అతను అంత సులువుగా అనకుండా ఉంటే బాగుండుననిపించింది భూమవ్వకు.

చెలకలో గానుగ తిరగడం మొదలైంది. సాయన్న ఎడ్లను తోలుతూ, కుండ నిండినప్పుడల్లా రసం తెచ్చి కడాయిలో పోస్తున్నాడు. దేవన్న పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి ఎగదోస్తున్నాడు. రసం వేడెక్కగానే, నలగ్గొట్టిన బెండకట్టెల జిగురు కలిపాడు. పైకి తేలిన మురికి నురగను చిల్లుల గరిటెతో తీసి పారేశాడు. ఆ తర్వాత ముంతలోని సున్నపు తేట కొబ్బరి చిప్పతో కొలిచి పోశాడు. ఒక్క చిప్ప. ఇంకో సగం పోయబోయి, రసం రంగు చూసి ఆగిపోయాడు.

భూమవ్వ చూపు అక్కడే చిక్కుకుంది. ఎందుకాగాడు? ఇంకో సగం పోస్తే ఏం పోయింది?

పిప్పి అయిపోయింది. ఇంకో మోపు తేవడానికి దేవన్న గట్టు అవతలి కుప్ప దగ్గరికి వెళ్లాడు. భూమవ్వ చుట్టూ చూసింది. సాయన్న ఎడ్ల తొట్టి దగ్గర వంగి చేతులు కడుక్కుంటున్నాడు. పనిలో ఉండగా ఆయన చేతులు కడగడం ఆమె ఎన్నడూ చూడలేదు. కానీ దాని గురించి ఆలోచించే స్థితిలో లేదామె. చెవుల్లో ఒకటే మాట మోగుతోంది. ఇంకింత సున్నం వడితే గట్టివడు. ఇంకింత సున్నం.

ముంత అందుకుంది. అనుకున్నదాని కంటే తేలికగా ఉంది. తేట కింద పేరుకున్న సున్నంలో ఎవరో వేళ్లతో లోడినట్టు గుంట కనిపించింది. కొడుకే తీసి ఉంటాడనుకుంది. ఒక చిప్ప తేట, దాంతో పాటు ఇంత ముద్ద, కడాయిలోకి వంచేసింది. రసం ఒక్కసారి బుస్సుమని మళ్లీ మామూలుగా ఉడికింది. ఆమె ముంత ఎక్కడిదక్కడ పెట్టి, కొంగుతో వేళ్లు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు నురగ తీస్తూ నిలబడింది.

నా కొడుకును కాపాడుకున్నాను అనుకుంది. కాసేపు ఊపిరి తేలికగా ఆడింది కూడా.

పాకం చిక్కబడే కొద్దీ దేవన్న మాటలు తగ్గాయి. తెడ్డు ఎత్తి ధార చూశాడు. మళ్లీ చూశాడు. తేనె రంగు తిరగాల్సింది గోధుమ రంగైంది, తర్వాత దాన్ని దాటిపోయింది. వాసనలో ఏదో ఘాటు. మంట తగ్గించాడు, పెంచాడు, పొయ్యి రాళ్లలో నుంచి కొంత పిప్పి లాగేశాడు. అతని మొహం మీద చెమట పొయ్యి వేడికి పట్టినది కాదని తల్లికి తెలుస్తూనే ఉంది.

"ఏమైంది బిడ్డా?"

"ఎరుక లేదవ్వా" అన్నాడు.

పోయిన వారం అతను ఆ మాట అనలేదు.

పాకాన్ని మట్టి పళ్లెంలోకి దించేసరికి నల్లగా, గానుగకు పూసే మడ్డిలా ఉంది. అప్పుడే దారి మీద సైకిల్ గంట మోగింది. ఆమె తమ్ముడు ఆత్మారాం ఫ్యాక్టరీలో పర్మనెంటు మనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, నోటి నిండా మాటలు. సైకిల్ చెట్టుకు ఆనించి నేరుగా పళ్లెం దగ్గరికి వచ్చి, ఇంత చిదిమి నోట్లో వేసుకుని, వెంటనే ఉమ్మేశాడు.

"నాలుక కాలుతున్నది గదరా అల్లుడా. గిది గంజ్‌ల ఎవడు గొంటడు? గుడుంబా కాసెటోళ్లకు పనికొస్తదేమో."

ఎవరూ నవ్వలేదు. సాయన్న పళ్లెం వైపు ఒక్కసారి చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ చూపు భూమవ్వకు బాగా తెలుసు. గంజ్ నుంచి బండి తిప్పుకొచ్చిన నాటి చూపు.

"బట్టలు సదురుకో" అన్నాడు కొడుకుతో. గొంతు పెంచలేదు. "మన చేతికి అచ్చిరాదు. నాకు రాలె, నీకు రాలె. దానికి ఎవలేం జేస్తరు."

దేవన్న ఎదురు చెప్పలేదు. భూమవ్వ అతను అరుస్తాడని, ఇంకొక్కసారి అని అడుగుతాడని ఎదురుచూసింది. అతను తల ఊపి, కడాయి చల్లారేదాకా కూర్చుని, నీళ్లు పోసి శుభ్రంగా కడిగాడు. చెవులు పట్టుకుని ఈడ్చుకుంటూ ఇంటి వెనక్కి తీసుకుపోయాడు. ఆత్మారాం వెనకనే నడుస్తూ, ఫ్యాక్టరీలో సీజన్ తర్వాత పర్మనెంటు ఎట్లా చేయించుకోవాలో, ఎవరిని కలవాలో చెబుతున్నాడు. దేవన్న ఊఁ కొడుతున్నాడు.

భూమవ్వ వాళ్ల వెనక పరుగులాంటి నడకతో వచ్చింది. దేవన్న కడాయిని సరిగ్గా ఆ మట్టి మచ్చ మీదికి చేర్చాడు. ఒక అంచు పైకెత్తాడు. ఎర్రకోడి దూరం నుంచి మెడ సాచి చూస్తోంది.

కడాయి అంచు పైకి లేస్తుంటే ఆమె కళ్ల ముందు కొడుకు కాదు, పాతికేళ్ల సాయన్న నిలబడ్డాడు. ఇక ప్రతి చలికాలం ఈ పిల్లవాడు కూడా సగం అన్నంలో చెయ్యి కడుక్కుంటాడు. పెళ్లాం వస్తుంది, అడగదు. పిల్లలు పుడతారు, వాళ్లకు తెలియదు.

"దాన్ని బోర్లియ్యకు" అంది.

"ఉండనీ అవ్వా. కోళ్లకన్న పనికొస్తది."

"బోర్లియ్యకంటున్న గదా. నేనే చెడగొట్టిన."

దేవన్న చేతులు ఆగాయి.

"నువ్వు పిప్పికి పోయినప్పుడు ఇంకో చిప్ప సున్నం పోసిన. ముద్దగూడ ఏసిన. మల్ల గడ్డకట్టకపోతే నువ్వు పోతవని భయమైంది బిడ్డా. మీ బాపు ఎప్పుడు గదే మాట అంటడు గదా, ఇంకింత సున్నం, ఇంకింత సున్నమని..."

దేవన్న కడాయిని మెల్లగా వెల్లకిలా దించాడు. కాసేపు లెక్క కట్టినట్టు నేల చూశాడు. "ఒక్క చిప్పకు గంత నల్లగ గాదవ్వా. నాలుక కాలేటంత గాదు."

అప్పుడు భూమవ్వకు తేలికైన ముంత గుర్తొచ్చింది. వేళ్లతో లోడిన గుంట గుర్తొచ్చింది. తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటున్న మనిషి గుర్తొచ్చాడు. ఆమె మెల్లగా తల తిప్పి భర్త వైపు చూసింది.

వాళ్ల వెనకే వచ్చిన సాయన్న గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. తువ్వాలు భుజం మీద నుంచి తీసి మళ్లీ వేసుకున్నాడు.

"రసం కుండల ఏసిన" అన్నాడు చివరికి. "పిడికెడు. నీలెక్క నేను గూడ భయపడ్డ."

ఆత్మారాం నోరు తెరిచి, అక్క మొహం చూసి మూసుకున్నాడు.

దేవన్నకు కోపం రావడం అప్పుడు చూసింది భూమవ్వ. అరవలేదు. కానీ పెదవులు తెల్లబడ్డాయి. "మొదటిసారి చెడ్డప్పుడు నాకేం ఫికరు గాలె బాపు. ఎందుకు చెడిందో నాకెరుకుండె. ఇయ్యాల ఎంత సోచాయించినా సమజ్‌ గాలె. నేర్సుకున్నదంత అబద్ధమేనా, నా చేతులనే ఏమన్న ఉన్నదా అనిపిచ్చింది. గందుకే సైకిలెక్కుమంటె తలూపిన. నా పని చెడగొట్టింది సున్నం గాదు. నేను మల్ల చెడగొడ్తనని మీకున్న భయం."

సాయన్న గోడ వెంట జారి అక్కడే కూర్చున్నాడు. కొడుకు కంటే చిన్నవాడిలా అడిగాడు.

"నాదెందుకు చెడినట్టురా?"

దేవన్నకు కోపం ఇంకా దిగలేదు. అయినా తండ్రి పక్కన గొంతుక్కూర్చున్నాడు. "నాకేం ఎరుక. ఏ చెరుకు కొట్టినవప్పుడు?"

"కాలువ పొంటి మడిది. గాలివానకు పడిపోయిండె. ఫ్యాక్టరోళ్లు పడ్డ చెరుకుకు వంకలు పెడ్తరని, గది బెల్లానికి ఉంచిన."

"పడి వేళ్లు పెట్టిందా?"

"పెట్టింది."

"పడి వేళ్లు పెట్టిన చెరుకు ఎవలు వండినా గడ్డకట్టదు బాపు. ఎంత సున్నం పోసినా గంతే. నిలవడ్డ చెరుకు ఒక్కసారి కొట్టి చూస్తివా?"

"కొట్టలె" అన్నాడు సాయన్న. "మల్ల ఎక్కడ ముట్టిన."

ఆయన కళ్లలో నీళ్లు తిరగడం భూమవ్వ తన కాపురంలో మొదటిసారి చూసింది. ఆమె పోయి పక్కన కూర్చుంది. ఇన్నేళ్లు ఆ ఒక్క మాటను ఆయన అడగాల్సిన ప్రశ్నలా కాక, తేలిపోయిన తీర్పులా ఇంట్లో ఉంచుకున్నాడు. ఆమె కూడా దాన్ని అలాగే ఉండనిచ్చింది.

లేచింది సాయన్నే. కడాయికి ఒక చెవి తను పట్టుకున్నాడు.

"ఎడ్లు ఇంక విప్పలె. కొట్టిన చెరుకు ఇంకొక కడాయికి సరిపోతది" అన్నాడు. "దేవన్నా, అటు వట్టు."

"మరి గేటు?" అన్నాడు ఆత్మారాం. "రేపు రాకుంటే నేను మల్ల జెప్పలేను బావా."

"చెప్పకు. నువ్వొచ్చి సున్నం ముంత వట్టుకొని కూసో. మా ఇద్దరి చేతికి ఇయ్యకు, నీకు దండం."

ఇస్త్రీ చొక్కా నలగకుండా జాగ్రత్తగా గట్టు మీద కూర్చుని, ఆత్మారాం సాయంత్రం దాకా ఆ ముంతను ఒళ్లో పెట్టుకున్నాడు. భూమవ్వ దగ్గరికొచ్చిన ప్రతిసారీ మూత మీద చెయ్యి పెట్టాడు. దేవన్న అడిగినప్పుడు మాత్రం, ఒక్క చిప్ప కొలిచి ఇచ్చాడు. భూమవ్వకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంగు చివర ముడేసి విప్పుతూ కూర్చుంది. భయం పోలేదు. కాకపోతే ఈసారి దాన్ని తన దగ్గరే ఉంచుకుంది.

పొద్దు వాలే వేళకు పళ్లెంలో పాకం తేనె రంగులో మెరిసింది. చల్లారేదాకా నలుగురూ దాని చుట్టూ నిలబడ్డారు. సాయన్న బొటనవేలు పెట్టి నొక్కాడు. నడుమ గట్టిగా ఉంది. అంచు దగ్గర నొక్కితే వేలు కొంచెం లోపలికి దిగింది.

గంజ్‌లో వ్యాపారి వేలు దిగింది కూడా ఇలాగే.

సాయన్న వేలు వెనక్కి తీసి, అంటిన బెల్లాన్ని చప్పరించాడు. కళ్లు మూసుకుని ఇంకోసారి చప్పరించాడు.

"అంచులకు మంట సరిగ అందలె" అన్నాడు దేవన్న మెల్లగా, తండ్రి మొహం చూస్తూ.

"అందలె" అన్నాడు సాయన్న. "రేపు పిప్పి పక్కల పొంటి గూడ ఎగదోద్దాం."

రేపు. బెల్లం గురించి ఆయన నోట ఆ మాట వినడం ఆమెకు అదే మొదలు. భూమవ్వ మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని, పొగ కళ్లలో పడిందని తమ్ముడికి చెప్పింది.

ఆత్మారాం మధ్యలోని గట్టి ముక్క ఒకటి రుమాల్లో కట్టుకుని, ఒక్కడే సైకిలెక్కి పోయాడు. తండ్రీ కొడుకులు కడాయి కడిగి పొయ్యి పక్కనే వెల్లకిలా ఉంచారు. భూమవ్వ ఇంటికొచ్చి, పాత గంపకు తలుపులా ఒక పక్క కోసి, ఆ మట్టి మచ్చ మీద బోర్లించింది.

ఎర్రకోడి చుట్టూ తిరిగి చూసింది. నచ్చలేదు. అయినా చీకటి పడేసరికి లోపలికి దూరింది.