గోడ మీద నీటికుక్క

కోరంగి వచ్చిన మొదటి రోజే ప్రసన్నకుమారి ఒకరితో తగాదా పెట్టుకుంది.

కాకినాడలో బీఎస్సీ జువాలజీ పరీక్షలు రాసేసి, కాలేజీ ఎన్నెస్సెస్ తరఫున ఆ ఎండాకాలం అక్కడ పనిచేయడానికి వచ్చిందామె. మడ అడవుల ఒడ్డున అటవీశాఖవాళ్ళు కొత్తగా కట్టిన సందర్శకుల కేంద్రం అది. చూడడానికి వచ్చేవాళ్ళకు ఇక్కడి పక్షుల గురించీ జంతువుల గురించీ చెప్పడం ఆమె పని. ప్రారంభోత్సవం ఇంకా కాలేదు. లోపల ఒక యువకుడు నిచ్చెనెక్కి గోడ మీద లకుముకి పిట్ట బొమ్మ వేస్తున్నాడు. పిట్ట ముచ్చటగా ఉంది. కానీ అది కూర్చున్నది గులాబీ కొమ్మ మీద.

“మడ అడవిలో గులాబీలు పూయవండీ,” అంది ప్రసన్న.

అతను వెనక్కి తిరగలేదు. “ఎవరూ నీళ్ళు పోయలేదేమోనండి.”

“ఇక్కడున్నవి ఉప్పునీళ్ళే. పోసి చూడండి.”

ఆ మాటకు నవ్వుతూ గిరుక్కున తిరిగాడు. కుంచెలోంచి నీలం రంగు బొట్టు ఆమె తెల్ల ఓణీ మీద పడింది. గబగబా దిగొచ్చి కిరసనాయిలు గుడ్డ అందించాడు. ఆ వాసన కంటే మరకే నయమని చెప్పి ఆమె వెళ్ళిపోయింది.

అతని పేరు శాంతికుమార్. రాజమండ్రిలో సినిమా బోర్డులు రాసేవాడు. తల్లి సంపూర్ణమ్మ తప్ప వెనకా ముందూ ఎవరూ లేరు. మర్నాడు పొద్దున ప్రసన్న వచ్చేసరికి గులాబీ కొమ్మ మాయమై, దాని చోట మడచెట్టు కొమ్మ వచ్చింది. సరిపోయిందా అని అతను అడిగితే, అడుగున ఇంకాస్త బురద కావాలంది. అప్పటినుంచీ ప్రతి బొమ్మకూ ఆమెను పిలవడం మొదలుపెట్టాడు. పిలవాల్సిన అవసరం లేని బొమ్మలకు కూడా.

వారం తిరక్కుండా సత్తియ్య అనే జాలరి తన వలలో చిక్కిన నీటికుక్క పిల్లను గంపలో పెట్టి తెచ్చాడు. పిల్లి కంటే చిన్నది. తడిసిన బొచ్చు, గుండ్రటి కళ్ళు, వేళ్ళ మధ్య బాతుకున్నట్టు పొర. కుయ్యి కుయ్యిమంటూ ప్రసన్న చేతుల్లో దూరిపోయింది. ఆమె చేపముక్కలు తినిపించింది. శాంతికుమార్ తన పాత చొక్కా పరిస్తే దాని మీదే ముడుచుకుని పడుకుంది.

కేంద్రం చూసుకునే ఫారెస్టరు జోగేశ్వరరావుగారికి ప్రాణం లేచొచ్చింది. ప్రారంభోత్సవానికి పెద్దాఫీసరు వస్తున్నారు, చూపించడానికి బతికున్న జంతువు ఒక్కటైనా ఉండాలి కదా అని వెంటనే వలపంజరం చేయించారు. పంజరంలో పెట్టిన రోజునుంచి పిల్ల తిండి ముట్టలేదు. సాయంత్రం సముద్రపు పోటు వచ్చే వేళకు కేంద్రం పక్కనున్న పాయలోంచి సన్నగా ఈల వినిపించేది. వెంటనే ఇది లేచి, వల కొరుకుతూ ఏడ్చేది. అది తల్లి పిలుపని ప్రసన్నకు అర్థమైంది. వదిలేద్దామని బతిమాలింది. ఆఫీసరు అడిగితే తన ఉద్యోగం మీదికి వస్తుందన్నారాయన.

ప్రసన్న కళ్ళు తుడుచుకోవడం చూసి శాంతికుమార్ ముందుకొచ్చాడు.

“ఎదరున్న పెద్దగోడ నాకివ్వండి సార్. గోడంతా దీని సంసారాన్నే వేస్తాను. ఆఫీసరుగారు జంతువేదయ్యా అంటే గోడ చూపించండి. అది నచ్చకపోతే నన్ను చూపించండి.”

జోగేశ్వరరావుగారు పంజరంవైపు ఓసారి చూశారు. తర్వాత బొమ్మ పూర్తయ్యాక చూద్దామని, పంజరం తాళంచెవి బల్ల మీద పెట్టి టీ తాగడానికి వెళ్ళిపోయారు.

బొమ్మ పూర్తయ్యేదాకా ప్రసన్న పిల్లను పంజరంలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. మీసాలు ఇటు, తోక చివర ఇంకా సన్నం అని చెబుతూనే ఉంది. అతను గోడ కంటే ఇటే ఎక్కువ చూస్తున్నాడు.

“చూపంతా ఇటే ఉంటే బొమ్మ ఎలా పూర్తవుతుందండీ?”

“నీటికుక్కనే చూస్తున్నాను.”

“అది నా ఒళ్ళో ఉంది. మొహం మీద లేదు.”

అతను ఎర్రబడి గోడవైపు తిరిగాడు. ఆమె నవ్వు ఆపుకోలేక పిల్ల వీపు నిమిరింది.

ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం సత్తియ్య నావలో ముగ్గురూ పాయలోకి వెళ్ళారు. పిల్ల ఓసారి కూసింది. చెట్ల వేళ్ళ మధ్యనుంచి జవాబు వచ్చింది. నీళ్ళలో తలలు తేలాయి. గంప వంచగానే అది జారిపోయి వాటిలో కలిసిపోయింది. ప్రసన్న తనకు తెలియకుండానే శాంతికుమార్ చెయ్యి పట్టుకుంది. నావ ఒడ్డు చేరేదాకా ఇద్దరిలో ఎవరూ వదల్లేదు.

ఆఫీసరుగారు గోడ ముందు నిలబడి ఫోటో తీయించుకుని, పంజరం ఊసెత్తకుండానే వెళ్ళారు. ఆ బొమ్మ గురించి విన్న మద్రాసు సినిమా సెట్లవాళ్ళు అతన్ని పనికి పిలిచారని సత్తియ్య ద్వారా తెలిసింది ప్రసన్నకు. అతను తనతో ఒక్క మాట చెప్పలేదని మనసు కష్టపెట్టుకుని, పలకరిస్తే ముక్తసరిగా జవాబిచ్చేది. వాల్తేరులో ఎమ్మెస్సీ చదవబోయే పిల్లకు బోర్డులు రాసేవాడు ఎందుకు నచ్చుతాడని అతను తనలో తను కుమిలిపోయాడు.

ఎండాకాలం అయిపోయి వానలు మొదలయ్యాక ఆమెను తీసుకెళ్ళడానికి తండ్రి రాజరత్నంగారు వచ్చారు. రామచంద్రపురంలో హెడ్మాస్టరు. ఆయన గొడుగు ముడుస్తుండగానే వాన జోరందుకుంది. ఆయన పెద్దగోడ ముందు నిలబడి చూస్తూ, ఎవరు వేశారని అడిగారు.

“నేనేనండి,” అన్నాడు శాంతికుమార్. “మాస్టారూ, ప్రసన్నగారంటే నాకు ఇష్టమండి. నన్ను మద్రాసు రమ్మన్నారు. ఆవిడేమంటారో తెలియక ఇంకా జవాబు చెప్పలేదు,” అన్నాడు.

“నన్నడగకుండా నేనేమంటాను?” అంది ప్రసన్న.

“అడుగుతున్నాను.”

“మొదటి రోజునుంచీ తగాదా పడుతున్నాను కదా. ఇష్టం లేనివాళ్ళతో నాకంత ఓపిక ఉండదు.”

రాజరత్నంగారు కూతురి మొహం చూశారు. ఇంట్లో ఎప్పుడూ చూడని మొహం అది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మాయి ఎమ్మెస్సీ చదవాలి. నువ్వు మద్రాసు వెళ్ళి పని నేర్చుకో. అప్పటిదాకా ఉత్తరాలు రాసుకోండి, అక్షరదోషాలు లేకుండా. ఈ ఆదివారం చర్చి అయ్యాక మీ అమ్మగారిని మా ఇంటికి భోజనానికి తీసుకురా.”

శాంతికుమార్ చేతులు జోడించాడు. రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది. ఉన్నది ఒక్క గొడుగే. రాజరత్నంగారు దాన్ని అతని చేతిలో పెట్టి, కూతురికి సీటు ఆపుతానని చెప్పి, పంచె పైకెత్తుకుని వానలోకి నడిచారు.