పొలుసు చెప్పిన పేర్లు

లేజర్ కిరణం చేప పొలుసు మీద పడింది. మానిటర్ మీద మొదటి వలయం వెలిగింది. స్టూలు అంచున కూర్చున్న పైడమ్మ ఊపిరి బిగబట్టింది. వల్లిపాలెం చెరువులో చేపలు పట్టి బతికే మనిషి ఆమె. చచ్చి తేలిన కొరమీనుని పేపర్లో చుట్టి తిన్నగా యూనివర్సిటీకి పట్టుకొచ్చింది.

"నా సేపల్ని ఎవులు సంపేత్తన్నారో ఇది సెప్పేత్తాదా, మేడమ్మా?"

"చెప్పేస్తుంది," అంది డాక్టర్ మేరీ సుగుణ. పర్యావరణ రసాయన శాస్త్రం ఆమెది. ఈ పొలుసు రీడర్ ఆమె తయారు చేసిందే.

సంగతి సులువే. చేప పెరిగేకొద్దీ పొలుసులో వలయాలు పడతాయి. ఆ కాలంలో ఒంట్లోకి చేరిన విషం ఆ వలయంలో ఉండిపోతుంది. చెరువులోకి మురుగు వదిలే ఏ గొట్టం విషం పాళ్లు ఆ గొట్టానివే, మనుషుల వేలిముద్రల్లాగే. రీడర్ ఆ ముద్ర చదివి గొట్టం ఎవరిదో చెబుతుంది. అబద్ధమాడటం దానికి చేతకాదు. ఆ మాటకొస్తే సుగుణకీ చేతకాదు, అందుకే ప్రమోషనూ రాలేదు.

వైస్ ఛాన్సలర్ చలపతిగారు తలుపు దగ్గరే నిలబడ్డారు. చెరువు గట్టునున్న మందుల ఫ్యాక్టరీయే ఈ బిల్డింగ్ కట్టించి ఇచ్చింది మరి.

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టకమ్మా," అన్నారు మెల్లగా.

"వాసాలు కాదు సార్, శవాలు లెక్కపెడుతున్నాను."

రీడర్ రెండు పేర్లు చూపించింది. మొదటిది ఫ్యాక్టరీ. రెండోది ఇదే ల్యాబ్ సింక్.

పొలుసులు కడగడానికి రీడర్‌కి సాల్వెంట్ కావాలి. కడిగిందంతా చెరువులోకి పారే ఆ సింక్‌లో పోసి, పలచబడిపోతుందిలే అని కొళాయి బార్లా తిప్పేయడం ఈ డిపార్ట్‌మెంట్‌లో తాతలనాటి అలవాటు. దొంగని పట్టే యంత్రమే దొంగతనం చేస్తోంది. సిగ్గుతో సుగుణ చెవులు వేడెక్కాయి.

"ఇంకేం రిపోర్టు పంపుతావు?" చలపతిగారి ముఖం విప్పారింది.

"రెండు పేర్లతోనూ పంపుతాను. మనది ముందు రాస్తాను."

అన్నట్టే పంపింది. తప్పు ఒప్పుకున్న ల్యాబ్‌కి అధికారులు వెంటనే సీల్ వేశారు. ఒప్పుకోని ఫ్యాక్టరీ మాత్రం కోర్టుకెళ్లింది. విషమంతా యూనివర్సిటీదే, వాళ్లే ఒప్పుకున్నారుగా అని వాదించి స్టే తెచ్చుకుంది. మన దేశంలో నిజం చెప్పినవాడి నడుమే ముందు విరుగుతుంది.

సీల్ వేసింది గదికి. రీడర్ సంగతి ఉత్తర్వులో లేదు. సుగుణ దాన్ని ఆటోలో ఎక్కించి, ఫ్యాక్టరీ గొట్టానికి ఎదురుగా, పైడమ్మ వలలు దాచుకునే పాకలో పెట్టింది. సాల్వెంట్ పట్టడానికి కింద డ్రమ్ము పెట్టింది. విద్యార్థులు క్లాసులకి అక్కడికే వచ్చారు. చలపతిగారు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

వానలు వెళ్లాయి. చేపలు మళ్లీ తేలాయి. సీల్ పడ్డాక పెరిగిన కొత్త వలయం మీద లేజర్ పడింది. పైడమ్మ మానిటర్ మీదికి వంగి, కన్నీళ్లు తుడుచుకుంటూనే గట్టిగా నవ్వింది.

"ఈపాలి ఒక్క పేరే ఒచ్చినాది, మేడమ్మా. పద, కోర్టుకెల్దాం."