కొండ దాటిన పెంకుపురుగు

మ్యూజియంలో పురుగుల గది నిండా కలరా ఉండల వాసన. గోడ పొడవునా చెక్క సొరుగులు. సొరుగుల్లో సూదులకు గుచ్చిన పెంకుపురుగులు, ఒక్కోదాని కింద గోరంత చీటీ: ఎక్కడ దొరికింది, ఎప్పుడు, ఎవరికి. చీటీలు రాయడం అక్క ఉద్యోగం. పురుగులు పట్టి తేవడం తమ్ముడిది.

పోయినేడు తమ్ముడు తమ పెరటి చెట్టు మీద ఒక నీలం పెంకుపురుగును పట్టాడు. అది కొండల అవతల తప్ప ఎక్కడా ఉండదని పుస్తకాల మాట. ఆఫీసరు పకపకా నవ్వాడు.

"టిక్కెట్టు కొనుక్కుని బస్సెక్కి వచ్చిందా నాయనా? అవతల పట్టి ఇవతలంటే నమ్మాలా?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. పురుగును పట్టినప్పుడు సీసా అందించింది ఆమే. అయినా ఆఫీసరు చెప్పినట్టే 'కొండల అవతల' అని చీటీ రాసింది. అబద్ధమాడటానికి నోరక్కర్లేదు, సిరా చుక్క చాలు.

ఇంకోటి పట్టి చూపిస్తానని తమ్ముడు పంతం పట్టాడు. వారం తిరక్కుండానే అదే చెట్టు మీంచి పడి చనిపోయాడు.

ఇవాళ మధ్యాహ్నం ఆఫీసరు ఒక ఉత్తరంతో వచ్చాడు. ఇవతలి ఊళ్లోనే ఎవరో పండితుడికి అదే పురుగు దొరికిందట.

"ఇవతల మొదట కనిపెట్టినవాడిగా ఆయన పేరే పుస్తకాలకెక్కుతుంది. మన నీలం పురుగు చీటీ సరిగ్గా ఉందని, అది అవతలిదేనని రాసివ్వమ్మా."

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే తమ్ముడికి మిగిలిన ఆ ఒక్క పేరూ పోతుంది. పోయినవాడికి పేరెందుకులే అని సర్దిచెప్పుకుని ఆమె కలం తీసింది.

బయట మబ్బు కమ్మింది. గది చీకటైంది.

టక్...

సొరుగులోంచి. మళ్లీ. గోటితో చెక్కను గీరుతున్నట్టు... కలరా ఉండల వాసన పోయి, పచ్చి బెరడు వాసన. మెడ మీద చల్లటి ఊపిరి...

"అక్కా..."

ఆమె తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు.

"సీసా నువ్వేగా ఇచ్చావు..."

"అవున్రా," అంది గుసగుసగా. "నేనేరా."

పాత చీటీ తీసేసి కొత్తది రాసింది: మా పెరటి చెట్టు. పట్టినవాడు నా తమ్ముడు. తిన్నగా ఆఫీసరు ముందుకెళ్లి నిలబడింది.

"అప్పుడు నేను రాసింది అబద్ధం సార్. వాడు చెప్పిందే నిజం. నా కళ్లతో చూశాను."

ఆఫీసరు ముఖం ఎర్రబడింది. పండితుడికి ఎప్పుడు దొరికిందో చూద్దామని ఉత్తరం వెనక్కి తిప్పాడు. పోయిన వారమే. దాని కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. ఆయన వాటిని పైకి చదివాడు.

"'చెట్టెక్కి ఈ పురుగును పట్టి పైనుంచే అందించిన మనిషిని పేరడిగాను. మా అక్క రాస్తుందన్నాడు. పొద్దుగూకేదాకా కిందే కూచున్నాను. అతను చెట్టు దిగలేదు.'"