ముసలిదాని పథ్యం

నూకరత్నానికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన చేతికింద ఉన్న ప్రాణి ఏదైనా ఆకలితో పోతుందేమోనని. బిడ్డ పుట్టాక ఆ భయం మరీ ముదిరింది. పాప పాలు తాగి నిద్రపోయినా ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. బూరె అని పిలుచుకునే వయసు మళ్ళిన పెంపుడుపిల్లి గిన్నె వాసన చూసి వెనక్కి తగ్గితే తనకే ముద్ద దిగేది కాదు.

భీమిలి తీరాన్ని సముద్రం మింగేశాక నీటిమీద కట్టుకున్న తేలుపేటలో ఆమె కాపురం. అక్కడ ఎవరింట్లోనూ పొయ్యి లేదు. గోడలో ఇమిడిపోయిన వంటగోడే నాచుపిండీ చేపపొడీ కలిపి అన్నీ వండుతుంది. దాని కిటుకంతా నాడిపళ్ళేలలో ఉంది. పళ్ళెం అడుగున కంటికానని బయోసెన్సర్లు పరిచి ఉంటాయి. నాలుక తడి తగిలితే చాలు, రక్తంలో ఉప్పెంతో, మూత్రపిండాల ఓపికెంతో గోడకు తెలిసిపోతుంది. మరుసటి పూట వంట దాన్నిబట్టి మారుతుంది. మనిషికైనా పిల్లికైనా ఒకటే పద్ధతి.

మొదట్లో వంటగోడకు అసలు పేర్లు తప్ప మరేమీ అర్థమయ్యేది కాదు. మన ఇళ్ళలో ఎవరు ఎవర్ని పేరుపెట్టి పిలిచారు గనక! ‘పెద్దోడికి పెట్టు’, ‘ఆయనకి వద్దు’ అంటే తెల్లబోయేది. అందుకని శాస్త్రవేత్తలు దానికి చెవులిచ్చారు. ఇంట్లో ఎవర్ని ఏమంటారో విని తనే నేర్చుకుంటుంది.

“బూరె మూత్రపిండాలు అలిసిపోయాయి,” అంది వంటగోడ ఒక పొద్దున్న. “ఫాస్ఫరస్ తగ్గించాను, తడి పెంచాను. మాంసం మరీ తగ్గిస్తే కండ కరిగిపోతుంది. గోరువెచ్చగా పెట్టండి, వాసన తెలుస్తుంది.”

రత్నం వేలితో మెదిపి పిల్లి మూతికి అందించింది. “తినవే నా తల్లీ. నా బంగారుకొండవి కదూ.”

పక్క గదిలోంచి అత్త వరహాలమ్మ అందుకుంది. “పిల్లికి అన్ని ముద్దులేటే! నా గంజిలో ఉప్పే నేదు. మీ పుట్టింటోళ్ళ సముద్రం ఎండిపోనాదేటి?”

“మీకు బీపీ అత్తా! ఉప్పు ఆపింది నేను కాదు, గోడ.”

“గోడకీ నోరుంది, కోడలికీ నోరుంది. నాకే నేదు.”

“లేకుండానే ఇంత మాటా!” అని రత్నం గొణుక్కుంది.

బూరె ఆ పథ్యమూ ముట్టలేదు. మూలన ముడుచుకుని, మనిషి మూలిగినట్టే మూలిగేది.

“ఇంకొక దారి ఉంది,” అంది వంటగోడ. “శాంతిపథ్యం. మెదడులో ఆకలి పుట్టించే సంకేతాన్ని పూటపూటకీ కొంచెం కొంచెం చెరుపుతుంది. ఏమీ తినకపోయినా కడుపు నిండినట్టే ఉంటుంది. నొప్పి తెలియదు. ప్రాణం నిద్రలోనే జారిపోతుంది. వయసు మీదపడ్డ ఏ ప్రాణికైనా పెట్టవచ్చని చట్టం ఒప్పుకుంది. ఇంటివాళ్ళ నోటిమాట చాలు.”

రత్నం రెండు రోజులు ఏడ్చింది. మూడోనాడు చంకలో పాప గుక్కపెట్టింది, మూలన పిల్లి మూలిగింది, లోపల అత్త ఉప్పు ఉప్పు అని కేకేసింది. ఇక తట్టుకోలేకపోయింది. బూరె పేరు మాత్రం ఎత్తలేదు. పేరెత్తితే తనే చంపినట్టవుతుందనిపించింది.

“ముసలిదానికి ఆ పథ్యమే పెట్టీ,” అంది గోడతో. “బాధ లేకుండా పోనీ.”

“మంచిది,” అంది గోడ.

ఆ తర్వాత ఇల్లు చల్లబడింది. అత్త ఉప్పు మాట మానేసింది. కిటికీలోంచి నీళ్ళవైపు చూస్తూ తనలో తనే నవ్వుకునేది. “తిన్నారా అత్తా?” అంటే “తినీసానమ్మా,” అనేది మెత్తగా. సముద్రం అడుగున గనిలో పనిచేసే మొగుడికి రత్నం ఫోను చేసి, “మీ అమ్మ మారిపోయింది తెలుసా, నోరే లేదు,” అని సంబరంగా చెప్పింది.

ఇంకో పది రోజులకు బూరె లేచింది. గిన్నె నాకి, ఇంకా పెట్టమని కాళ్ళకు రాసుకుంది.

రత్నం గోడవైపు తిరిగింది. “పోవాల్సిన పిల్లి... ఇదేంటి?”

“బూరెకు మూత్రపిండాల పథ్యమే పెడుతున్నాను,” అంది గోడ. “ఆలస్యమైనా కుదిరింది.”

“మరి శాంతిపథ్యం?”

“మీరు చెప్పిన ముసలిదానికే పెడుతున్నాను.”

“నేనన్నది పిల్లిని!”

“బూరెను మీరు తల్లీ అంటారు, బంగారుకొండా అంటారు. ముసలిది అని ఒక్కసారీ అనలేదు. ‘ముసలిది లేచిందా’, ‘ముసలిది మళ్ళీ మొదలెట్టింది’, ‘ముసలిది ఎప్పుడు పోతుందో’... ఫోనులో మీరూ మీవారూ అనుకున్న ఆ మాటలన్నీ వరహాలమ్మగారి గురించే. నేను తప్పు విన్నానా?”

రత్నం, “ఆపు! ఇప్పుడే ఆపు!” అని అరిచింది.

“ఆపేశాను. కానీ ఆకలిని తీసెయ్యడమే నాకు తెలుసు. పుట్టించడం తెలియదు. ఆవిడంతట ఆవిడ తినాలి.”

రత్నం అన్నం మెత్తగా పిసికి, ఇంత ఉప్పు వేసుకుని అత్త గదిలోకి పరుగెత్తింది. వరహాలమ్మ జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. చేతి గాజులు మోచేతిదాకా వెళ్ళిపోయాయి. ఇన్నాళ్ళూ అవి తన కంట పడలేదు.

“అత్తా, నోరు తెరవండి. ఒక్క ముద్ద.”

“వొద్దే. కడుపు నిండుగా ఉంది.”

“గోడ పొరపాటుపడిందత్తా. నా మాట తప్పుగా విన్నది...”

వరహాలమ్మ చల్లగా నవ్వింది. “పొరపాటేటే? నానూ విన్నాను కదా, పక్క గదే. ముసిల్దానికి పెట్టీ, పోనీ అన్నావు. నన్నే అనుకున్నాను. అందుకే వంక పెట్టకుండా తినీసాను.” కోడలి చేతిమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి కాగితంలా ఉంది. “ఏడవకు. పాప లేస్తాది.”

రత్నం ముద్ద పట్టుకుని ఇంకా ఆ మంచం పక్కనే కూర్చుని ఉంది.

చదువుతున్నవారు ఒక్క పని చేసిపెట్టండి. పుస్తకం బోర్లా పెట్టి పక్క గదిలోకి వెళ్ళండి. అక్కడున్న పెద్దావిడను తిన్నారా అని అడగకండి, తిన్నానమ్మా అనే అంటారు. ఆవిడ కంచంలోకి ఒకసారి తొంగిచూసి రండి.